గోడ కంటే ముందు కాలువ

ఈ స్మారకోపన్యాసం ఏ ఒక్కరి పేరు మీదా కాదు. కొండచరియల కింద ప్రాణాలు పోగొట్టుకున్న గిరిజనులకూ, కొత్తవలస–కిరండుల్ రైలు మార్గం మీద వానాకాలపు రాత్రుళ్ళు లాంతరు పట్టుకుని పట్టాలు కాసిన గ్యాంగ్‌మెన్‌కూ ఇది అంకితం.

ఉత్తరాంధ్ర కొండలకు అక్టోబరు గండం. పైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. గులాబ్ కాస్త ముందుగా, 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర దాటింది. 2025 అక్టోబరు చివర్లో మొంథా ఎక్కడో నరసాపురం వైపు తీరం దాటినా, ఇక్కడ చిమిడిపల్లి–బొర్రా గుహలు స్టేషన్ల మధ్య కొండ విరిగి రైలు పట్టాల మీద పడింది. తుఫాను ఒక్కటే దీనికి కారణమనుకుంటే పొరపాటు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు కొండను నానబెడుతూనే ఉంటాయి. ఆ నానిన కొండ మీద అక్టోబరు తుఫాను వచ్చి పడుతుంది. జూన్‌లో వచ్చిన పెద్ద వానను చప్పుడు లేకుండా మింగేసిన వాలే, అక్టోబరులో అంతే వానకు జారిపోతుంది. మొదటిసారి లోపల ఖాళీ ఉంది, రెండోసారి లేదు. తేడా అంతే.

తిత్లీ నాడు పలాస, వజ్రపుకొత్తూరు, ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమైన సంగతి మనందరికీ గుర్తు. అదే రోజు సరిహద్దుకు అవతల, ఒడిశా గజపతి జిల్లా రాయగడ బ్లాకులోని బరఘర అనే చిన్న గిరిజన పల్లెలో జరిగింది మాత్రం మన వైపు ఎక్కువమందికి తెలియదు. గాలివానకు ఇళ్ళు నిలవవని భయపడి ఊరివాళ్ళు కొండ వాలున గుహలాంటి చోట తలదాచుకున్నారు. పైనుంచి కొండచరియ విరిగి వాళ్ళ మీద పడింది. పన్నెండు మందికి పైగా చనిపోయారు. వాళ్ళు పారిపోయింది గాలి నుంచి. ప్రాణం తీసింది కొండ లోపల నిండిన నీరు. తుఫాను హెచ్చరిక ఆ పల్లెకు అందినా, ఏ వాలు కింద నిలబడకూడదో చెప్పే హెచ్చరిక ఏదీ అప్పటికి లేదు.

ఇది ఒక పల్లెకో ఒక ఘాటుకో పరిమితమైన బెడద కాదు. మంచు కప్పిన ప్రాంతాలను మినహాయిస్తే దేశ భూభాగంలో 12.6 శాతం, అంటే సుమారు 4.2 లక్షల చదరపు కిలోమీటర్లు, కొండచరియలు విరిగిపడే ముప్పులో ఉందని భారత భూగర్భ సర్వే సంస్థ లెక్క కట్టింది. హిమాలయాలదీ పడమటి కనుమలదీ అందులో సింహభాగం. అరకు ప్రాంతపు తూర్పు కనుమలకు ఆ లెక్కలో పడింది సుమారు 10 వేల చదరపు కిలోమీటర్లు. దేశం మొత్తంతో పోలిస్తే చిన్న వాటా. చిన్న వాటా కాబట్టే నిధులూ, పరిశోధనా, పత్రికల్లో చోటూ కూడా చిన్నవిగానే మిగిలిపోయాయి.

ఈ కొండల రాయి సంగతి ముందు చెప్పుకోవాలి. విజయనగరం నుంచి సాలూరు దాటి, పాచిపెంట మండలం మీదుగా ఒడిశా సుంకి వైపు 26వ నంబరు జాతీయ రహదారి ఘాటు ఎక్కుతుంది. అక్కడ రోడ్డు కోసం కోసిన చరియను నిదానంగా చూస్తే కొండ లోపలి కథంతా కనిపిస్తుంది. పైన మీటరో రెండు మీటర్లో ఎర్రమట్టి, గడ్డివేళ్ళు. దాని కింద చూడ్డానికి రాయిలాగే ఉండి, వేలితో గీస్తే పొడిగా రాలే తెలుపు, గులాబి, ఇటుక రంగు చారలు. ఇంకా కిందికి పోతే సుత్తి దెబ్బకు మోగే అసలు రాయి. 1902లో భూగర్భ శాస్త్రవేత్త టి.ఎల్. వాకర్ ఈ జాతి రాతికి ఖోండు గిరిజనుల పేరు మీద ఖోండలైట్ అని పేరు పెట్టాడు. సి.వి. రామన్ దగ్గర పనిచేసి, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భూగర్భ శాస్త్ర శాఖను తొలినాళ్ళలో నడిపించిన ఆచార్య సి. మహదేవన్ వంటివారు ఈ కనుమల రాళ్ళ మీద పనిచేసే సంప్రదాయాన్ని ఇక్కడ నాటారు. ఖోండలైట్‌లోని ఫెల్‌స్పార్ వేల ఏళ్ళ వానకు కుళ్ళి తెల్ల బంకమట్టి అవుతుంది. గోమేదికం తుప్పుపట్టి ఎరుపు ఇస్తుంది. పైనున్న ఎర్రమట్టి నీటిని తొందరగా లోపలికి వదులుతుంది, కిందున్న బంకమట్టి పొర వదలదు. రెంటికీ మధ్య నీరు నిలుస్తుంది. వాలు జారేది సరిగ్గా ఆ గీత దగ్గరే.

ఆ గీతను కనిపెట్టడానికి యంత్రాలు అక్కర్లేదు. ఏప్రిల్ నెలలో, చుట్టూ గడ్డి మాడి ఉన్నప్పుడు, చరియకు అడ్డంగా ఒక్కచోట పచ్చటి గీతలా నాచూ ఫెర్నులూ పెరిగి ఉంటే అక్కడ ఊట ఉన్నట్టే. చెట్లు మొదట్లో వంగి పైన నిటారుగా లేచి ఉంటే ఆ నేల ఏళ్ళ తరబడి మెల్లగా కదులుతోందని అనుమానించాలి. చరియ నెత్తిన వంపు తిరిగిన పగులు, ఎప్పుడూ తేటగా వచ్చే ఊట ఉన్నట్టుండి బురదగా రావడం, లేదా జోరు వానలో ఊట ఆగిపోవడం ఇంకా పెద్ద ప్రమాద సూచనలు. ఈ చివరిదాన్ని కొండ మీది ఆడవాళ్ళే అందరికంటే ముందు పసిగడతారు. నీళ్ళకు వెళ్ళేది వాళ్ళే కదా.

నీరు చేసే పని ఏమిటి? మట్టిని జారుడుగా, నూనె పూసినట్టు చేస్తుందని చాలామంది అనుకుంటారు. మృత్తికా యాంత్రిక శాస్త్రానికి ఆద్యుడైన కార్ల్ టెర్జాగి 1950లో కొండచరియల మీద రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ అభిప్రాయాన్ని కొట్టిపారేశాడు. మట్టి రేణువుల సందుల్లో నిండిన నీటి ఒత్తిడి రేణువుల మధ్య పట్టును తగ్గిస్తుంది, నూనెతో పనిలేదు అన్నాడు. నూతిలో మునిగి ఉన్న బిందె చేతికి తేలిగ్గా తగులుతుంది కదా. కొండ లోపల నీటిలో మునిగిన మట్టి కూడా అలాగే తన అడుగు పొర మీద తేలిగ్గా ఆనుతుంది. కింది పొరను నొక్కిపట్టే బరువు తగ్గుతుంది, కిందికి లాగే బరువు మాత్రం తగ్గదు, పెరుగుతుంది. బంక లేని ఇసుక మట్టి పొడిగా ఉన్నప్పుడు 30 డిగ్రీల వాలు దాకా నిలుస్తుందనుకుందాం. పైదాకా నీరు నిండి వాలు వెంట పారుతుంటే అదే మట్టి 16 డిగ్రీలు దాటితే నిలవదు. కొండ మారలేదు, మట్టి మారలేదు. నిలబడగల వాలు సగమైపోయింది. వేసవిలో నిట్టనిలువుగా నిలిచిన ఘాటు చరియలను చూసి మోసపోకూడదు. రేణువుల మధ్య మిగిలిన కొద్దిపాటి తేమ వాటిని అంటిపెట్టి ఉంచుతుంది. వాన నిండగానే ఆ పట్టు పోతుంది.

గోడల లెక్క ఇంకా కఠినం. మూడు మీటర్ల ఎత్తు గోడ వెనక పొడి మట్టి ఉంటే మీటరు పొడవుకు మూడు టన్నుల లోపే తోపుడు ఉంటుంది. ఆ మట్టిలో పైదాకా నీరు నిండితే తోపుడు సుమారు ఆరు టన్నులకు చేరుతుంది. అందులో నాలుగున్నర టన్నులు ఉత్త నీటిదే. అందుకే వెనక చేరిన నీరు బయటికి కారేలా గోడకు వీప్‌హోల్స్ పెడతారు. అవి ఊరికే పెట్టిన కన్నాలు కావు, గోడ ప్రాణాలు. వాటి వెనక సన్న కంకర, ముతక ఇసుక వరసగా పేర్చకపోతే మట్టి వచ్చి మూసుకుపోతాయి. మన రోడ్ల పక్క గోడల్లో కనిపించే గొట్టాల మూతులు చాలా చోట్ల తుప్పల కింద, సిమెంటు మరకల కింద పూడి ఉంటాయి. వానాకాలం మధ్యలో కూడా చుక్క నీరు రాని వీప్‌హోల్‌ను చూసి సంతోషించడం తప్పు, అనుమానించాలి. 2025 ఏప్రిల్ 30 వేకువన, చందనోత్సవం నాడు సింహాచలంలో వానకు క్యూలైను పక్కన కొత్తగా కట్టిన గోడ కూలి భక్తులు ప్రాణాలు కోల్పోయారు. మట్టిని ఆపే ఏ గోడ దగ్గరైనా ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: వెనక చేరే నీరు ఎటు పోతుంది?

మన ప్రాంతంలో ఈ ప్రశ్నను ఎక్కువసార్లు ఎదుర్కొన్నది కొత్తవలస–కిరండుల్ లైను. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడం కోసం 1960 దశకంలో ఈ మార్గం వేశారు. విజయనగరం జిల్లా కొత్తవలసలో మొదలై శృంగవరపుకోట, బొడ్డవర దాటగానే కొండ ఎక్కుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు మీదుగా 996 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగుడకు చేరుతుంది. దారి పొడవునా 58 సొరంగాలు. ఒక పక్క కోసిన చరియ, మరో పక్క లోయ. 2017 అక్టోబరులోనూ చిమిడిపల్లి–బొర్రా ప్రాంతంలో కొండ విరిగి రాకపోకలు ఆగాయి. ఇలా జరిగిన ప్రతిసారీ మట్టి తీసి, రాళ్ళు పగలగొట్టి, గోడ కట్టి, వల బిగించి లైనును మళ్ళీ నడిపిస్తారు. ఆ కార్మికుల శ్రమకు చేతులెత్తి మొక్కాలి. అయితే వల రాయిని ఆపుతుంది, నీటిని ఆపదు. చరియ నెత్తిన, అంచుకు కొన్ని మీటర్ల వెనక, వానాకాలపు నీటిని పక్కకు మళ్ళించే క్యాచ్ వాటర్ డ్రెయిన్ పగుళ్ళు లేకుండా ఉందా, ఆకులు అలములతో పూడిందా అన్నదే అసలు విషయం. పగిలిన డ్రెయిన్ డ్రెయిన్ లేకపోవడం కంటే ప్రమాదం. కొండంతటి నుంచీ నీటిని పోగుచేసి ఒక్కచోట కొండ గర్భంలోకి దింపుతుంది.

పై నీటి కథ అది. లోపలి నీటిని తీయడానికి వేరే పద్ధతులున్నాయి. వాలు మీద చేప ముల్లు ఆకారంలో లోతు కందకాలు తవ్వి రాళ్ళతో నింపడం అన్నిటికంటే పాతదీ చవకదీ. రెండు మూడు మీటర్ల లోతు జారుడుకు అది చాలు. జారుడు పొర ఇంకా లోతుగా ఉంటే కొండ పాదం నుంచి లోపలికి, కాస్త పైకి వాలేలా రంధ్రాలు వేసి, సన్నని చీలికలున్న ప్లాస్టిక్ గొట్టాలు దూరుస్తారు. నీరు తన బరువుకే బయటికి వస్తుంది. మోటారు లేదు, కరెంటు బిల్లు లేదు. కాలిఫోర్నియా రహదారుల శాఖ 1939లో మొదలుపెట్టిన ఈ పద్ధతి ఇప్పుడు ప్రపంచమంతటా ఉంది. లోపల నీటి మట్టం రెండు మూడు మీటర్లు దిగితే చాలు, కదులుతున్న కొండ ఆగిన సందర్భాలు ఎన్నో.

మన ఖనిజం కొన్న జపాన్ దగ్గరే ఈ విద్య బాగా ఉంది. నారా, ఒసాకాల మధ్య యమతో నది ఒడ్డున కమెనోసే అనే చోట 1931–32లో కొండ కదిలి రైలు సొరంగాన్ని నలిపేసింది. రైలు మార్గాన్ని నది అవతలి ఒడ్డుకు మార్చాల్సి వచ్చింది. తర్వాత దశాబ్దాల పాటు అక్కడ నీటిని తోడే బావులు, కొండ కింద నీటి సొరంగాలు తవ్వుతూ పోయారు. 2008లో అలా ఒక నీటి సొరంగం తవ్వుతుంటే, పోయిందనుకున్న పాత ఇటుకల రైలు సొరంగంలో కొంత భాగం చెక్కుచెదరకుండా బయటపడింది. హాంకాంగ్‌లో 1972 జూన్ 18న ఒకే రోజు రెండు చోట్ల వాలులు కూలి 138 మంది చనిపోయారు. ఆ తర్వాత 1977లో వాలుల కోసమే ఒక ప్రత్యేక ప్రభుత్వ కార్యాలయం పుట్టింది. ఆ రెండు చోట్లలో ఒకటైన పోషాన్ కొండకు 1980లలో గొట్టాలు దూర్చారు. 2010 నాటికి కొండ అడుగున రెండు సొరంగాలు తవ్వి, వాటి లోపలి నుంచి పైకి నీటి గొట్టాలు వేశారు. కూలిన చోటును దాదాపు నలభై ఏళ్ళ పాటు మరచిపోకపోవడం, ఆ ఊరి నుంచి మనం నేర్చుకోవలసిన మొదటి సంగతి అదే.

విదేశాల దాకా పోనక్కర్లేని పాఠం ఒకటి మన సరిహద్దు కొండల్లోనే ఉంది. గజపతి, శ్రీకాకుళం కొండల సవర గిరిజనులు గెడ్డలు, అంటే కొండవాగులు, దిగే లోయల్లో మెట్లు మెట్లుగా రాతికట్టు కట్టి వరి పండిస్తారు. ఆ గోడల్లో సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి పేర్చిందే. మడిలో ఎక్కువైన నీరు రాళ్ళ సందుల నుంచి కారి కింది మడికి చేరుతుంది, అక్కడి నుంచి ఇంకో మెట్టు దిగుతుంది. గోడంతా వీప్‌హోలే. దాని వెనక నీటి ఒత్తిడి పేరుకునే అవకాశమే లేదు. ఎక్కడైనా రాయి ఉబ్బితే వానలు తగ్గాక ఊడదీసి మళ్ళీ పేరుస్తారు. పర్లాకిమిడిలో ఉండి గిడుగు రామమూర్తి సవరల భాష నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు ఇచ్చాడు. ఆ స్థాయిలో వాళ్ళ రాతికట్టును కొలిచి, గీసి, మన ఇంజనీరింగ్ పాఠంలో చేర్చే పని ఇంకా ఎవరో ఒకరు తలకెత్తుకోవాలి. గట్టి సిమెంటు గోడ కూలిన చోట పేర్పుడు గోడ నిలబడటం అదృష్టం కాదు, శాస్త్రం.

కొండలోంచి తీసిన నీటిని ఏం చేయాలన్నది మన దగ్గర మరీ ముఖ్యం. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం, కురుపాం కొండల పల్లెల్లో వేసవి వస్తే ఊటల దగ్గర బిందెల వరస. ఏజెన్సీలో చాలా పల్లెలకు పైనున్న ఊటను తొట్టెలో పట్టి, గొట్టాల్లో కిందికి దించే గ్రావిటీ పథకాలే తాగునీటి ఆధారం. జారే వాలులోంచి నీటిని తీసే గొట్టం, ఊరికి నీరిచ్చే గొట్టం రెండూ ఒకటే కావచ్చు. ఆ నీటిని తొట్టెకు కలిపితే ఒకే ఖర్చుతో రెండు పనులు జరుగుతాయి. ఊరివాళ్ళు ఆ గొట్టాన్ని రోజూ చూస్తారు, ధార తగ్గితే అడుగుతారు. ఏ శాఖ తనిఖీ కంటే అది మెరుగైన కాపలా. తాగునీటి శాఖ, రహదారుల శాఖ, గిరిజనాభివృద్ధి సంస్థ ఒక్క కాగితం మీద సంతకం పెట్టాల్సిన పని ఇది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. నీటిని ఇంకించాలన్న మంచి ఉద్దేశంతో ఉపాధి హామీ పనుల్లో కొండ వాలుల మీద కందకాలు తవ్వుతున్నారు. మెట్ట భూముల్లో, తక్కువ వాలులో అవి మేలే. పగుళ్ళు కనిపించిన నిటారు వాలు మీద, కింద పల్లె ఉన్నచోట, నీరు నిలిపే కందకం తవ్వకూడదు. అక్కడ కావలసింది వాలు ఇచ్చి నీటిని గెడ్డకు చేర్చే కాలువ. పోడు చేసి వదిలేసిన చోట జీడి, ఇతర చెట్లు వేయడం మంచిదే. రోడ్డు అంచున వట్టివేరు వరసలు పైమట్టిని బాగా పట్టి ఉంచుతాయి. అయితే ఆరు మీటర్ల లోతున ఉన్న జారుడు పొరకు వేళ్ళు అందవు. ఆ లోతున గొట్టమే దిక్కు.

డ్రెయిన్లు అన్నిటినీ ఆపలేవన్నదీ నిజమే. 2024 జూలై 30న వయనాడ్ ముండక్కై, చూరల్‌మల పల్లెలను తుడిచిపెట్టినటువంటి బురద ప్రవాహానికి ఏ కాలువా అడ్డం నిలవదు. అలాంటి గెడ్డ దారిలో ఇళ్ళు లేకుండా చూడటమే మార్గం. మన ఘాటుల్లో ఏటా దారి మూసేసే చిన్న, మధ్య తరహా జారుడులు వేరు. వాటిలో చాలావాటిని నీటిదారి సరిచేసి ఆపవచ్చు.

కట్టడం ఒక ఎత్తు, కాపాడటం ఇంకో ఎత్తు. మన ఎర్రమట్టి నీటిలో ఇనుము ఎక్కువ. అది గొట్టం మూతి దగ్గర గాలి తగిలి ఇటుక రంగు జిగురులా పేరుకుంటుంది. వేళ్ళు కూడా తడిని వెతుక్కుంటూ లోపలికి వస్తాయి. కొన్నేళ్ళకోసారి నీటి జెట్‌తో కడగకపోతే మంచి గొట్టమైనా మూసుకుపోతుంది. భారత ప్రమాణాల సంస్థ 1999లో కొండచరియల నియంత్రణ మీద మార్గదర్శకాలు ఇచ్చింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లో మార్గదర్శకాలు, 2019లో జాతీయ వ్యూహం ప్రకటించింది. రాతకోతల లోటు లేదు. గోడకు టెండరు ఉంటుంది, శిలాఫలకం ఉంటుంది. పార పట్టి డ్రెయిన్ తీసే మనిషికి మాత్రం చాలా చోట్ల బడ్జెట్టులో ఒక పద్దు కూడా ఉండదు. ఈ పద్దు తెరవకుండా కొత్త గోడలు కట్టడం ప్రజాధనాన్ని గెడ్డలో కలపడమే.

అందుకే ఈ సభ నుంచి రెండు విన్నపాలు. రహదారుల, రైల్వే, పంచాయతీ అధికారులకు: ఘాటు డ్రెయిన్లను మే నెలలో ఒకసారి శుభ్రం చేసి చేతులు దులుపుకోవద్దు. నైరుతి వానల్లో కొట్టుకొచ్చిన మట్టితో అవి సెప్టెంబరుకల్లా మళ్ళీ పూడతాయి. సెప్టెంబరు రెండో పక్షంలో రెండోసారి తీయించండి, ఆ కూలిని ఏటా పద్దులో రాయండి. విజయనగరం గురజాడ జేఎన్‌టీయూలోనూ, ఉత్తరాంధ్ర జిల్లాల కళాశాలల్లోనూ సివిల్ ఇంజనీరింగ్, భూగర్భ శాస్త్రం చదువుతున్న పిల్లలకు: వచ్చే ఏప్రిల్‌లో సాలూరు ఘాటుకు వెళ్ళండి. ప్రతి ఊటనూ, ప్రతి వీప్‌హోల్‌నూ, ప్రతి పగులునూ పటం మీద గుర్తించండి. ఏ గొట్టంలో నీరొస్తోందో, ఏది మూసుకుందో రాయండి. ఆ పటాన్ని కలెక్టరు కార్యాలయానికీ, కొండ కింది పల్లె సర్పంచికీ ఒక్కో ప్రతి ఇవ్వండి.